చత్వారం కళ్ళు, తుపాకీ స్కోపు

టొరంటోలోని మా ఎటోబికోలో సాయంత్రం నడకకు వచ్చే మిత్రుల్లో ఒకాయన రిటైరయ్యాక రైఫిల్ క్లబ్బులో చేరాడు. చేరకూడదా ఏం? పరీక్ష రాసి, పీఏఎల్ అనే తుపాకీ లైసెన్సు తీసుకుని, శనాదివారాల్లో ఊరి బయటి క్లబ్బుకు పోయి కాగితం మీది గుండ్రటి గీతల్ని కొట్టి వస్తుంటాడు. ఆమధ్య నన్ను పట్టుకుని, "అన్నయ్యగారూ, తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపించే స్కోపు కొన్నాను. ఖరీదైనదే. గురిగీతలు కాసేపు బాగానే ఉంటాయి, కాసేపటికి మసకేస్తాయి. సరుకు మంచిది కాదంటారా?" అని అడిగాడు. సరుకు బంగారంలాంటిదే. దాన్ని తన కంటికి కుదుర్చుకోవడమే ఆయన మరిచిపోయాడు.

ముందు కన్ను సంగతి చూద్దాం. మన కంట్లో ఒక చిన్న కటకం ఉంది. దాని చుట్టూ ఉన్న కండరం బిగిసినప్పుడు కటకం ఉబ్బుతుంది, దగ్గరి వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. కండరం వదులైతే కటకం పలచబడి దూరపుది కనిపిస్తుంది. చిన్నతనంలో ఆ కటకం లేత తాటిముంజె. ఎటు నొక్కితే అటు ఒదుగుతుంది. వయసొచ్చేకొద్దీ ముంజె ముదిరిపోతుంది, కండరం ఎంత బిగిసినా ఉలకదు పలకదు. పదేళ్ళ పిల్లాడు పుస్తకాన్ని ముక్కుకు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో పెట్టుకున్నా చదివేస్తాడు. నలభై అయిదు దాటాక చేయి చాచి చదువుతాం. అరవై దాటాక చేయి పొడుగు చాలదు. ఈ చత్వారం జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. రాజుకూ తప్పదు, రౌతుకూ తప్పదు.

ఇప్పుడు స్కోపు లేని పాత తుపాకీ సంగతి ఆలోచించండి. వెనక ఒక గాడి, గొట్టం కొసన ఒక ముల్లు, అల్లంత దూరాన గురి. ఈ మూడూ ఒకే వరసలోకి రావాలి. గాడి కంటికి జానెడు దూరంలో ఉంటుంది, ముల్లు రెండున్నర మూడడుగుల్లో, గురి వంద గజాల్లో. కన్ను ఒకసారి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. కుర్రవాడి కన్ను ముల్లు మీద నిలుస్తుంది, అవసరమైతే చటుక్కున అటూ ఇటూ మారుతుంది. మన కన్ను గురి మీదే ఉండిపోతుంది. ముల్లు అలికేసినట్టు కనిపిస్తుంది.

స్కోపు ఈ చిక్కును భలేగా విప్పింది. ముందున్న పెద్ద కటకం దూరపు బొమ్మను తెచ్చి గొట్టం లోపల పరుస్తుంది. గురిగీతలు కూడా ఆ పరిచిన చోటే ఉంటాయి. వెనక కటకం రెంటినీ కలిపి, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుగా మన కంటికి అందిస్తుంది. కన్ను దగ్గరికీ దూరానికీ మారే పనే లేదు, విశ్రాంతిగా చూస్తే చాలు. అందువల్ల చత్వారం ఉన్నవాళ్ళకు స్కోపు భారం కాదు, పెద్ద ఉపకారం.

మేమున్న చోటికి తుపాకీ స్కోపుతో పాత చుట్టరికమే ఉంది. ఎటోబికో పడమటి అంచున ఎటోబికో క్రీక్ ఒంటారియో సరస్సులో కలిసేచోట మేరీ కర్టిస్ పార్కు ఉంది. అది దాటి మిస్సిసాగా వైపు అడుగుపెడితే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్మాల్ ఆర్మ్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ కర్మాగారం నడిచిన స్థలం. దాన్ని లాంగ్ బ్రాంచ్ కర్మాగారమనేవారు. 1940లో మొదలుపెట్టి యుద్ధం ముగిసేలోగా తొమ్మిది లక్షలకు పైగా లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు చేశారు. పనివాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. అప్పటి తనిఖీ భవనం ఇప్పుడు కళాకేంద్రంగా నిలిచి ఉంది. ఆ లక్షల్లో సుమారు వెయ్యింటిని మాత్రం ఏరి, స్కోపు బిగించి, గురికాళ్ళకు ఇచ్చారు. ఆ స్కోపులు మన టొరంటోలోనే, లీసైడ్‌లోని రిసెర్చ్ ఎంటర్‌ప్రైజెస్ లిమిటెడ్‌లో తయారయ్యాయి. యుద్ధం వచ్చి యూరప్ నుంచి నాణ్యమైన గాజు రావడం కష్టమయ్యేసరికి, కెనడా తన సొంత ఆప్టికల్ గాజును 1941లో అక్కడే పోసింది. ఇంతకీ ఆ స్కోపు ఎన్ని రెట్లు పెద్దది చేసేది? మూడు, మూడున్నర. అంతే! మా మిత్రుడి తొమ్మిదితో పోల్చి చూసుకోండి.

ఆయన మసకకు మందు స్కోపు వెనక కొసన ఉంది. కన్ను ఆనే చోట ఒక రింగు తిరుగుతుంది. చాలామంది దాన్ని అలంకారమనుకుని ముట్టుకోరు. మన కంటి పవరుకు సరిపడేలా గురిగీతల్ని స్పష్టం చేసేది ఆ రింగే. తుపాకీ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, తూటా లేదని వేలు పెట్టి చూసుకున్నాక, తెల్లగోడ వైపో మబ్బు పట్టిన ఆకాశం వైపో పెట్టాలి. సూర్యుడి వైపు ఎంతమాత్రం వద్దు. రింగును ఒక కొసకు తిప్పేసి, ఒక్క సెకను చూసి, కన్ను తిప్పుకుని దూరంగా ఉన్న చెట్టును చూడాలి. రింగు కాస్త తిప్పి మళ్ళీ ఒక్క సెకను. మొదటి చూపులోనే గీతలు నల్లగా, పదునుగా కనిపించిన చోట ఆపేయాలి.

ఒక్క సెకనే ఎందుకు? ముదిరిన ముంజెలోనూ పిసరంత మెత్తదనం మిగిలి ఉంటుంది. తేరిపార చూస్తే కన్ను ఆ మిగిలిందంతా ఊడ్చిపెట్టి, లేని స్పష్టత తెచ్చిపెడుతుంది. మనం కుదిరిందనుకుంటాం. అయిదు నిమిషాలకు కండరం అలిసి వదిలేస్తే మసక మళ్ళీ వస్తుంది. మా మిత్రుడికి జరిగింది అచ్చంగా ఇదే. కొన్ని స్కోపులకు పక్కన ఇంకో గుండీ ఉంటుంది, అది గురి దూరాన్ని బట్టి తిప్పేది. దాన్ని ఇందులో కలపకండి. తల కొంచెం అటూ ఇటూ కదిపినా గీతలు గురి మీద జారకపోతే అది సరిగ్గా ఉన్నట్టు. కన్ను మారుతూనే ఉంటుంది గనక ఏడాదికోసారి రింగును మళ్ళీ చూసుకోవడం మంచిది.

కళ్ళజోడు పెట్టుకునే చూడాలా, తీసేయాలా? దూరపు చూపుకు ఒట్టి ప్లస్సో మైనస్సో ఉంటే, ఎక్కువ కాకపోతే, రింగే సర్దేస్తుంది. సిలిండర్ పవరుంటే రింగు వల్ల కాదు, జోడు ఉండాల్సిందే. ప్రోగ్రెసివ్ అద్దాలతో మాత్రం తంటా. చెంప కర్రకు ఆనించి తల వంచినప్పుడు, చూపు అద్దం పైమూల నుంచి పోతుంది. అక్కడ బొమ్మ వంకరపోతుంది. దూరపు చూపుకే పనికొచ్చే సాదా జోడొకటి వేరే చేయించుకోవడం మేలు. జోడుకు చోటు చాలదన్న ఇబ్బంది లేదు, తుపాకీ స్కోపును కంటికి తొమ్మిది సెంటీమీటర్ల దూరంలో పెట్టి చూసేలా చేస్తారు. పేలినప్పుడు వెనక్కి తన్ని కనుబొమ్మ చీలకుండా ఆ ఏర్పాటు.

ఇక వెలుతురు. కంటిపాప చీకట్లో కుర్రవాళ్ళకు ఏడు మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. డెబ్భైలో అయిదు దాటితే గొప్ప. స్కోపు ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే, కంట్లోకి దిగే వెలుగుకట్ట ఎంత మందమో తేలుతుంది. 40 మిల్లీమీటర్ల కటకాన్ని తొమ్మిది రెట్లలో పెడితే నాలుగున్నరకు కాస్త తక్కువ. నాలుగు రెట్లలో పెడితే పది. పది మిల్లీమీటర్ల కట్టలో మన పాప ఎక్కడున్నా వెలుగు అందుతుంది, తల సరిగ్గా ఆనకపోయినా బొమ్మ పోదు. తొమ్మిదిలో వేలెడు జరిగితే నల్లనీడ మూసేస్తుంది. అందుకే రెట్లు పెంచుకుంటూ పోవడం ముసలి కంటికి మేలు చేయదని నా వాదన. పెద్ద పెద్ద కటకాలు కొనడమూ అంతే. 56 కటకం, ఎనిమిది రెట్ల స్కోపు ఏడు మిల్లీమీటర్ల కట్టనిస్తుంది. అయిదే విప్పారే పాపకు ఆ మిగతా రెండూ అమ్మినవాడికి లాభం.

రెట్లు పెంచినప్పుడు ఇంకో వింత. కట్ట సన్నబడేకొద్దీ కంట్లో తేలాడే నలుసుల నీడలు గట్టిగా పడతాయి. కిప్లింగ్ వీధి చివర కల్నల్ శామ్యూల్ స్మిత్ పార్కులో మే నెలాఖర్లో వింబ్రెల్ అనే వంకరముక్కు పక్షుల గుంపుల్ని చూడటానికి జనం చేరతారు. అవి ఉత్తరాదికి పోతూ సరస్సు గట్టున దాటిపోతాయి. అక్కడ మా ఈడువాళ్ళు పక్షుల్ని చూసే 80 కటకం స్కోపును అరవై రెట్లకు తిప్పి, "నలుసులే తప్ప పక్షి కనబడట్లేదు" అని విసుక్కుంటారు. అరవైలో కట్ట ఒకటిన్నర మిల్లీమీటర్లయినా ఉండదు మరి. ఇరవైకి దించితే నాలుగు. ఉన్నట్టుండి నలుసులు కుప్పలుగా కనిపించి, పక్కన మెరుపులు కూడా మెరిస్తే, స్కోపు పక్కన పడేసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

అసలు స్కోపే లేకుండా చూసేవాళ్ళూ ఉన్నారు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో స్కోపు నిషిద్ధం, వెనక చిన్న చిల్లు గుండా చూస్తారు. చిల్లు చిన్నదైతే దగ్గరిదీ దూరపుదీ రెండూ కొంత స్పష్టపడతాయి. మా మనవరాలు నమ్మలేదు. "చదివే జోడు తీసేసి ఇప్పుడు చదువు తాతయ్యా" అంది. కాగితానికి సూదితో చిల్లు పొడిచి, మంచి వెలుతురులో దానిగుండా పత్రిక చదివి చూపించాను. చిల్లులో వెలుగు తగ్గుతుంది, ఆ ఒక్కటే లోటు. మీరూ చేసి చూడండి. అన్నట్టు, ఒలింపిక్స్‌లో ఆస్కార్ స్వాన్ అనే స్వీడన్ పెద్దాయన 1920లో ఆంట్వెర్ప్‌లో జట్టుతో రజతం గెలిచాడు, పరిగెత్తే జింకబొమ్మను కొట్టే పోటీలో. అప్పుడాయనకు 72.

జింకల వేటకు పోయేవాళ్ళతో ఒక మాట. ఒంటారియోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరవాత అరగంట దాకా వేటకు అనుమతి. ఆ అరగంటల్లో ముసలి కన్ను చెప్పేది నమ్మకండి. శుక్లం పొరలు వెలుగును చెదరగొట్టి నీడలన్నిటినీ ఒకటి చేస్తాయి. పొదలో కదిలిందేమిటో తెలుసుకోవడానికి స్కోపు ఎత్తకూడదు. ఎత్తితే తుపాకీ గొట్టమూ అటే తిరుగుతుంది, అక్కడున్నది మనిషి కావచ్చు. దానికి విడిగా బైనాక్యులర్ మెడలో ఉండాలి.

శుక్లం మాటకొస్తే, ఇక్కడ అరవై అయిదు దాటినవాళ్ళకు పద్దెనిమిది నెలలకోసారి కంటి పరీక్ష ఓహిప్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ఉచితం. ఆపరేషన్ అవసరమైతే డాక్టరుకు మీ సరదా సంగతి ముందే చెప్పండి. ఒకే దూరానికి సర్దిన సాదా కటకాన్ని దూరపు చూపుకు వేయించుకుంటే స్కోపులో ప్రపంచం కడిగినట్టుంటుంది. దగ్గరికీ దూరానికీ పనికొచ్చేదని చెప్పే రకాలు కొందరికి దీపాల చుట్టూ వలయాలు చూపిస్తాయి, మసక వెలుతురులో తేడాల్ని కొంత తగ్గిస్తాయి. దూరపు కటకం వేయించుకున్నవాళ్ళకు చిక్కల్లా స్కోపు మీది గుండీల దగ్గరే. వాటి అంకెలు గింజంత. జేబులో చదివే జోడు పెట్టుకోండి, లేదా గుండీ మీద తెల్ల టేపు అంటించి మార్కరుతో పెద్ద అంకెలు రాసేసుకోండి.