రైలు రద్దయితే విమానం టికెట్ సంగతేంటి?

చింతలపూడి నుంచి ఉమ్రాకో, గల్ఫ్‌లో ఉద్యోగానికో శంషాబాద్ వెళ్లేవారు ఏలూరులో రైలెక్కుతుంటారు. 2024 సెప్టెంబర్ 1న ఆ దారి తెగింది. వరదకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, విజయవాడ పక్కన రాయనపాడు స్టేషన్ నీట మునిగింది. వందలాది రైళ్లు రద్దయ్యాయి.

రైలు రద్దయితే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే దానంతటదే ఖాతాలో పడుతుంది. కౌంటర్ టికెట్‌ను మూడు రోజుల్లోగా తిరిగి ఇచ్చేయాలి.

విమానం తప్పిపోతే? సరైన కారణం చూపకుండా రైలు ఆలస్యమైతే రైల్వేదే బాధ్యత అని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. జమ్మూ రైలు నాలుగు గంటలు ఆలస్యమై శ్రీనగర్ విమానం తప్పిన కుటుంబం కేసు అది. కానీ వరద రైల్వే చేతిలో లేనిది, పరిహారం దొరకడం కష్టం. అందుకే వానాకాలంలో విమానానికి ఒకరోజు ముందే హైదరాబాద్ చేరుకోవాలి. ఇల్లు కదిలేముందు 139కి ఫోన్ చేసి రైలు సంగతి కనుక్కోవాలి.