ఏడో చేప ఎందుకు ఎండలేదు?

ఏడు చేపల కథ వినకుండా పెరిగిన తెలుగువాడు అరుదు. చదువుకున్నవాళ్ళకీ చదువురానివాళ్ళకీ, పట్నంవాళ్ళకీ పల్లెవాళ్ళకీ ఈ కథ ఒకటే. "పసిపిల్లల కథ కదా, డిగ్రీ చదివేవాళ్ళ వార్షిక సంచికలో దీనికేం పని?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. మనం లేబొరేటరీలో కుస్తీపట్టి నేర్చుకునే పద్ధతికి మొదటి పాఠం ఈ కథలో ఉంది. ఆ పాఠం పిల్లలకు అందడమూ, అందకుండా పోవడమూ ఆ కథను పుస్తకంగా తిరగరాసేవాళ్ళ మీదా, దానికి బొమ్మలు గీసేవాళ్ళ మీదా ఆధారపడి ఉంటుంది. అదెలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

కథలో ఉన్నదేమిటి?

అందరికీ తెలిసిందే అయినా క్లుప్తంగా చెప్పుకుందాం. ఒక రాజుకు ఏడుగురు కొడుకులు. వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెడితే ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకని చేపను అడిగితే గడ్డివామి అడ్డొచ్చిందని చెప్పింది. (కొన్నిచోట్ల గడ్డిమేటు అంటారు, మా కురిచేడు వైపు వామి అనే మాట వాడతారు.) వామిని అడిగితే ఆవు మేయలేదంది. ఆవును అడిగితే పాలేరు మేపలేదంది. పాలేరును అడిగితే అవ్వ అన్నం పెట్టలేదన్నాడు. అవ్వను అడిగితే పిల్లాడు ఏడుస్తున్నాడంది. పిల్లాణ్ణి అడిగితే చీమ కుట్టిందన్నాడు. చివరికి చీమను అడిగారు. తన బంగారంలాంటి పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అని చీమ ఎదురు ప్రశ్న వేసింది. కథ కంచికి వెళ్ళింది.

జవాబు చెప్పినవాళ్ళను లెక్కపెట్టండి: చేప, వామి, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ. సరిగ్గా ఏడుగురు! ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఏడు జవాబులు. అక్షరం రాని అవ్వలు నోటి మీద నిలబెట్టిన కథలో ఇంత పొందికైన లెక్క ఉంది.

పెద్దలు కొందరు దీనికి వేదాంతార్థం చెబుతారు. రాజంటే మనిషి అనీ, ఏడుగురు కొడుకులు సప్తధాతువులనీ, ఎండని చేప మనసు అనీ వ్యాఖ్యానిస్తారు. ఆ అర్థం వారికి ఉండనీయండి. నేను సైన్సు విద్యార్థిని, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. నాకు ఇందులో చేప చేపలాగే, వామి వామిలాగే కనిపిస్తుంది. అలా చూసినా కథ విలువ తగ్గదు సరికదా, పెరుగుతుంది.

ఆరు ఎండాయి కాబట్టే ప్రశ్న పుట్టింది

ఏడు చేపలూ ఎండకపోతే ఎవరూ ఏమీ అడగరు. "మబ్బు పట్టింది, ఎండ చాల్లేదు" అని సరిపెట్టుకుంటారు. ఆరు ఎండి ఒకటి ఎండకపోవడం వల్లనే అనుమానం వచ్చింది. అదే ఎండ, అదే గాలి, అదే రోజు. అన్నీ సమానంగా ఉన్నప్పుడు తేడా ఎక్కడ వచ్చింది? చేప పడి ఉన్న చోటులో వచ్చింది. 1843లో జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త తన తర్కశాస్త్ర గ్రంథంలో ఇదే పద్ధతిని ఒక సూత్రంగా రాశాడు. రెండు సందర్భాల్లో అన్నీ ఒకటిగా ఉండి ఒక్క విషయం మాత్రం వేరైతే, ఫలితంలో తేడాకు ఆ విషయమే కారణమో, కారణంలో భాగమో అవుతుందని దాని సారాంశం. మనం ప్రాక్టికల్సులో పోల్చి చూడటానికి పక్కన వేరే పరీక్షనాళిక పెట్టుకుంటామే, ఆ పని ఈ కథలో ఆరు చేపలు చేస్తున్నాయి.

వామి అడ్డొస్తే చేప నిజంగా ఎండదా? పచ్చి చేప బరువులో నూటికి 70 నుంచి 80 వంతులు నీరే. అది సుమారు 25 వంతులకు దిగితే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చాలావరకు ఆగిపోతాయి. 15 వంతుల దగ్గరకు దిగితే బూజు కూడా పట్టదు. ఆ నీరు పోవాలంటే వేడీ కావాలి, గాలీ ఆడాలి. వామి ఈ రెంటికీ అడ్డం. కొత్తపట్నం తీరంలో చేపలు ఎండబెట్టేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంకొంచెం లెక్క వేద్దాం. కురిచేడు దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు ఆఖరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన నడినెత్తికి రాడు, దక్షిణంగా సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు పన్నెండు అడుగుల వామి నీడ ఉత్తరానికి దాదాపు పది అడుగులు పరుచుకుంటుంది. అదే మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మధ్యాహ్నం నీడ వామి కాళ్ళ దగ్గరే ఉంటుంది. అంటే ఏడో చేప వామికి ఉత్తరాన ఉండాలి, కాలం చలికాలం అయి ఉండాలి. వరి కోసి, నూర్చి, కొత్తగడ్డి వామి వేసేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. కథ చెప్పినవాళ్ళు ఈ లెక్క వేశారని నేననను. కానీ వాళ్ళు చూసిన ప్రపంచం నిజమైనది, అందుకే కథలో లెక్క తప్పలేదు.

చివరి జవాబుకు కూడా రసాయనశాస్త్రం ఉంది. చాలా రకాల చీమల విషంలో ఫార్మిక్ ఆమ్లం ఉంటుంది. 1671లో జాన్ రే అనే ఆయన చీమలను బట్టీపట్టి ఆ ఆమ్లాన్ని తీశాడు. లాటిన్ భాషలో చీమకు ఉన్న పేరే ఆ ఆమ్లానికీ వచ్చింది. పిల్లాడి ఏడుపు ఉత్తుత్తి ఏడుపు కాదన్నమాట.

అడగడం వేరు, అదిలించడం వేరు

ఇలా ఒకదానికొకటి గొలుసుకట్టుగా సాగే కథలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఫిన్లండుకు చెందిన ఆంటీ ఆర్నే 1910లో మొదలుపెట్టి, అమెరికాకు చెందిన స్టిత్ థాంప్సన్ పెంచి, 2004లో జర్మనీకి చెందిన హన్స్ యోర్గ్ ఊథర్ సవరించిన జానపద కథల పట్టికలో గొలుసు కథలకు 2000 సంఖ్య నుంచి ప్రత్యేకంగా చోటిచ్చారు.

వాటిలో ఇంగ్లండులో పేరుపొందిన కథ ముసలమ్మా, పందీ. జోసెఫ్ జేకబ్స్ 1890లో అచ్చువేసిన ఇంగ్లీషు జానపద కథల పుస్తకంలో, జాన్ బాటెన్ బొమ్మలతో అది ఉంది. ముసలమ్మ సంతలో పందిని కొంది. అది దారిలో కంచె దాటనని మొరాయించింది. పందిని కరవమని ఆమె కుక్కకు చెప్పింది, కుక్క వినలేదు. కుక్కను కొట్టమని కర్రకు, కర్రను కాల్చమని నిప్పుకు, నిప్పును ఆర్పమని నీళ్ళకు చెప్పుకుంటూ పోయింది. చిట్టచివర పిల్లి పాలు అడిగింది, ఆవు గడ్డి అడిగింది. ఆవుకు గడ్డి పెట్టేసరికి పని మొదలై పంది కంచె దాటింది.

ఆ కథలోనూ ఆవు ఉంది, గడ్డివామి ఉంది. కానీ తేడా గమనించండి. అక్కడ ముసలమ్మ ప్రతివారినీ పురమాయిస్తుంది: కరువు, కొట్టు, కాల్చు. మన కథలో ప్రతివారినీ అడుగుతారు: ఎందుకని? అక్కడ పని జరుగుతుంది, ఇక్కడ కారణం తెలుస్తుంది. రెండూ మంచి కథలే. అయితే తెలుగు పిల్లవాడు నేర్చుకునే మొదటి పెద్దకథ ప్రశ్నల మీద నడవడం మన అదృష్టమని నా అభిప్రాయం.

బొమ్మ చేసే పని

పిల్లల పుస్తకంలో బొమ్మ అలంకారం కాదని చాలాకాలం క్రితమే గుర్తించారు. 1658లో కొమీనియస్ అనే ఉపాధ్యాయుడు బొమ్మలతో పాఠ్యపుస్తకం వేశాడు. 1878లో రాండాల్ఫ్ కాల్డెకాట్ ఒక ఇంగ్లీషు గొలుసు పాటను బొమ్మల పుస్తకం చేశాడు. మాటల్లో లేని చిన్న చిన్న సంగతులను బొమ్మల్లో చెప్పడం ఆయనతో ఒక విద్య అయింది.

మనకు ఆ విద్య పత్రికల ద్వారా వచ్చింది. 1945లో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రిక ప్రారంభించారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 'చందమామ' తెచ్చారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు అందులో పనిచేశారు. చెట్టుమీది శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గారు గీసిన బొమ్మ తెలిసినవాళ్ళకు బేతాళ కథ అనగానే అదే కళ్ళముందు నిలుస్తుంది. ఆ కథలు కూడా ప్రశ్న మీద నడిచేవే. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు కళాశాలలో చదివింది భౌతికశాస్త్రం. ఇది సైన్సు విద్యార్థులకు గర్వకారణం. ఆ చందమామ ఇప్పుడు రావడం లేదు. పాత సంచికలను దాచుకున్నవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం పిల్లలు ఇంకా వాటిని తిరగేస్తున్నారు.

మన పుస్తకం ఎలా ఉండాలి?

ఏడు చేపల కథను ఐదారేళ్ళ పిల్లలకు బొమ్మల పుస్తకంగా వేయాలంటే నా ఆలోచన ఇది. ఒక పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే పదహారు పేజీలు వస్తాయి. మొదటిది పేరుకు. రెండూ మూడూ వేటకు. నాలుగూ ఐదూ కలిపి ఒకే బొమ్మ: ఎండబెట్టిన ఏడు చేపలు, పక్కన వామి, ఏడోదాని మీద నీడ. మాటల్లో మాత్రం నీడ ప్రసక్తి తీసుకురాకూడదు. పిల్లవాడే కనిపెట్టాలి. ఆరు నుంచి పన్నెండు దాకా ఏడుగురి జవాబులకు ఏడు పేజీలు. పదమూడో పేజీలో చీమ కంటికి కనిపించినట్టు పుట్టలోకి దిగుతున్న పిల్లాడి వేలు, తాటిమొద్దంత. పద్నాలుగూ పదిహేనూ కలిపి దొడ్డి మొత్తం ఒకే బొమ్మ. చీమ మొదలు చేప దాకా అందరూ అందులో ఉండాలి, పిల్లవాడు వేలుపెట్టి వెనక్కి చెప్పుకుంటూ రావాలి. పదహారో పేజీలో ఖాళీ పలక బొమ్మ. అక్కడ పిల్లవాడు తన ప్రశ్న తాను గీసుకుంటాడు.

ఆ పలక మార్కాపురం పలకే అయి ఉండాలి. దేశమంతటా పిల్లలు దిద్దుకున్న రాతిపలకలు మన ప్రాంతపు గనుల నుంచే వెళ్ళాయి. ఆవుకు మూపురం ఉండాలి, ఒంగోలు గిత్త తల్లిలాగా కనిపించాలి. సముద్రాలు దాటి బ్రెజిల్ పొలాల్లో నెల్లూరు పేరుతో కోట్లకు పెరిగిన జాతి అది. దాన్ని వదిలి నలుపు తెలుపు మచ్చల విదేశీ ఆవును గీస్తే, మన దొడ్లో ఉన్నది ఆవు కాదేమోనని పిల్లవాడు అనుకుంటాడు.

మాటల విషయంలో ఒక జాగ్రత్త కావాలి. ప్రశ్న ప్రతి పేజీలోనూ ఒకే తీరులో ఉండాలి, పేరు మాత్రం మారాలి. మొదటి పేజీలో అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి ఆ వాక్యాన్ని గుర్తుపట్టి గబగబా చదివేస్తాడు. చదవగలిగానన్న ధీమా అక్కడే వస్తుంది. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు లేని పిల్లలకు ఇది చాలా పెద్ద విషయం. మా ప్రాంతంలో వానలు మొహం చాటేసిన ఏడు అమ్మా నాన్నా పనులకు వలసపోతే, పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోతారు. పగలంతా కూలికి పోయి వచ్చిన అవ్వకు కథ చెప్పే ఓపిక ఉండదు. ఒక్కో ఇంట్లో అవ్వ కూడా ఉండదు. అలాంటి పిల్లవాడి చేతిలో ఈ పదహారు పేజీలు ఉంటే, అవ్వ చెప్పని రోజు కూడా కథ దొరుకుతుంది.

నీతి ఎవరు చెప్పాలి?

ఈ కథను తిరగరాసేటప్పుడు చివర ఒక నీతి తగిలించాలనే ఉబలాటం కలుగుతుంది. "కాబట్టి పిల్లలూ, చీమలపుట్టలో వేలు పెట్టరాదు" అని రాస్తే పని అయిపోతుంది. కానీ కథ చచ్చిపోతుంది. ఎందుకంటే ఇందులో తప్పు ఎవరిదో తేల్చడం అంత తేలిక కాదు. పైనుంచి కిందికి జారిన నింద చివరికి అందరికన్నా చిన్నదాని మీద పడింది. ఆ చిన్నది తలదించుకోలేదు. నా ఇల్లు నేను కాపాడుకోవద్దా అని అడిగింది.

రైతుబిడ్డగా నాకు గొలుసులో అన్నిటికన్నా గట్టిగా తగిలే లంకె నాలుగోది. పాలేరుకు అన్నం పెట్టలేదు, ఆవు మేయలేదు. దొడ్లో గడ్డి వామి వామిగానే ఉంది, పశువు మాత్రం పస్తుంది. మెట్టప్రాంతంలో వామి అంటే రైతుకు బ్యాంకులో డబ్బులాంటిది. అది ఉండీ పశువు నోటికి అందలేదంటే మధ్యలో ఒక మనిషి ఆకలి ఉంది. రాజుగారి చేప ఎండాలన్నా పాలేరు కడుపు నిండాలి. బొమ్మ గీసేవారు తొమ్మిదో పేజీలో ఆ కుర్రవాడి మొహం శ్రద్ధగా గీస్తే చాలు, కింద నీతివాక్యం రాయనక్కరలేదు.

మిత్రులకు ఒక మనవి. మనలో బొమ్మలు వేయగలవాళ్ళున్నారు, దస్తూరీ బాగున్నవాళ్ళున్నారు, కథలు తెలిసిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇంకా ఉన్నవాళ్ళున్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరం ఒక్కొక్క కథ రాసుకుని, పదహారు పేజీలు గీసి, మన ఊరి ప్రాథమిక పాఠశాలకు ఇద్దాం. ప్రెస్సు, రంగులు, పెట్టుబడి అని ఆగనక్కరలేదు. చేతిరాత ప్రతి ఒకటి ఇచ్చినా ఒక తరగతి పిల్లలు చదువుతారు. "ఎందుకని?" అని అడగడం అలవాటైన పిల్లలే రేపు మన కళాశాలకు వచ్చి, మన లేబొరేటరీ బల్లల ముందు నిలబడతారు.