మీకు తెలుసా? కుక్క మెడకూ మన చేతికీ మధ్య ఉన్న తాడు

సౌదీ అరేబియాలోని షువైమిస్ దగ్గర ఇసుకరాతి బండల మీద వేట దృశ్యాలు చెక్కి ఉన్నాయి. ఒకచోట వేటగాడు విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డాడు. చుట్టూ 13 కుక్కలు. అందులో రెండింటి మెడ నుంచి బయల్దేరిన గీతలు అతని నడుము దాకా వచ్చి ఆగుతాయి. మిగతావన్నీ విడిగానే ఉన్నాయి. ఈ బొమ్మల మీద పరిశోధన చేసినవారు 2017లో ప్రచురించిన వ్యాసంలో వాటి వయసు 8,000 ఏళ్ళు దాటి ఉండొచ్చని అంచనా వేశారు. ఆ గీతలు తాళ్ళేనని వాళ్ళ అభిప్రాయం. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నడుము సంగతి. విల్లుకు రెండు చేతులూ కావాలి, కాబట్టి తాడు నడుముకు చేరింది. పనిని బట్టి తాడు అన్నమాట ఆనాడే తెలుసు.

మనం మాత్రం కుక్కపిల్లను ఇంటికి తెచ్చిన రోజే షాపులో కళ్ళకు ఆనిన బెల్టు కొనేస్తాం. రంగు చూస్తాం, ధర చూస్తాం. పొడవెంత అని అడిగేవాళ్ళు తక్కువ. కుక్క నేర్చుకునేది చాలావరకు ఆ పొడవు నుంచే.

పక్కన బుద్ధిగా నడవడం నేర్పడానికి 4 నుంచి 6 అడుగుల మామూలు లీష్‌ను మించింది లేదు. అది బిగుసుకుందా వదులుగా ఉందా అన్నది కుక్కకూ మనకూ వెంటనే తెలుస్తుంది. సరిగ్గా నడుస్తున్న కుక్కను పక్కనుంచి చూడండి. లీష్ మధ్యలో పూలదండలా కిందికి వంగి ఉంటుంది, మెడ దగ్గరి కొక్కెం నిటారుగా నేలవైపు వేలాడుతుంది. ఆ కొక్కెం అడ్డంగా లేచిందంటే కుక్క లాగడం మొదలుపెట్టినట్టే. అప్పుడు మీరు ఆగిపోవాలి. తిరిగి లాగకూడదు, అరవకూడదు. మనం లాగిన కొద్దీ ఎదురు లాగడం కుక్క ఒంట్లో ఉన్న గుణం. తాడు వదులైన క్షణంలో మళ్ళీ అడుగు వేయండి. మొదటి వారం వీధి చివరికి చేరడానికే పావుగంట పడుతుంది. పట్టనివ్వండి. "లాగితే బండి ఆగుతుంది, వదిలితే కదులుతుంది" అన్నది దానికి ఒకసారి తలకెక్కితే, 35 కిలోల లాబ్రడార్‌ను కూడా ఇంట్లో పెద్దావిడ హాయిగా తిప్పుకు రాగలదు.

కుక్క ముందుకు పోతే పొడవు పెరిగి, వెనక్కి వస్తే లోపలికి చుట్టుకుంటూ, బటన్ నొక్కితే అక్కడే ఆగిపోయే లీష్ చాలామంది దగ్గర ఉంటుంది. జర్మనీలో మన్‌ఫ్రెడ్ బోగ్డాన్ 1973లో ఫ్లెక్సీ కంపెనీ పెట్టి దీన్ని లోకానికి అలవాటు చేశారు. చెట్లు కోసే మోటారు రంపాన్ని స్టార్ట్ చేయడానికి లాగే తాడు ఉంటుందే, అది తిరిగి లోపలికి చుట్టుకోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. తెలివైన పనిముట్టే. అయితే శిక్షణకు ఇది పనికిరాదని నా గట్టి అభిప్రాయం. లోపలి స్ప్రింగు తాడును ఎప్పుడూ కొద్దిగా లాగుతూనే ఉంటుంది కాబట్టి వదులు తాడు ఎలా ఉంటుందో కుక్కకు తెలిసే వీలే లేదు. పైగా లాగితే ఇంకాస్త దూరం దొరుకుతోంది. అంటే లాగిన ప్రతిసారీ బహుమతి ఇస్తున్నట్టు. చెయ్యి జారితే ఆ ప్లాస్టిక్ పిడి రోడ్డు మీద గడగడలాడుతూ కుక్క వెంటపడుతుంది, భయపడ్డ కుక్క ఇంకా పరుగెడుతుంది. నడక బాగా నేర్చిన కుక్కకు ఖాళీ మైదానంలో వాడితే వాడండి. ఊరకుక్కలూ ఆటోలూ తిరిగే సందుల్లో మాత్రం వద్దు.

పిలిస్తే పరుగున రావడం నేర్పడానికి కావలసింది లాంగ్ లైన్. 15 నుంచి 30 అడుగుల దాకా ఉండే మామూలు పొడవాటి తాడు, స్ప్రింగూ బటనూ ఏమీ ఉండవు. కుక్క స్వేచ్ఛగా తిరుగుతున్నాననుకుంటుంది, చివర మాత్రం మన చేతిలోనే ఉంటుంది. పేరు పెట్టి పిలవండి, వస్తే ముక్క పెట్టండి. రాకపోతే తాడును మెల్లగా చేతుల్లోకి తీసుకుంటూ దగ్గరికి రప్పించండి. దీన్ని కాలర్‌కు తగిలించకండి. 30 అడుగులు పరుగెత్తి తాడు చివర ఒక్కసారిగా ఆగిపోతే ఆ దెబ్బంతా మెడ మీద పడుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్‌కు, వీపు మీది రింగుకు తగిలించాలి. గుర్రానికి కళ్ళెంలా మూతి చుట్టూ వేసే పట్టీకి అసలే తగిలించకూడదు, మెడ మెలిపడుతుంది.

ఇంకొక మాట. లాంగ్ లైన్‌ను చేతికి చుట్టుకోవద్దు. నేను చుట్టుకున్నాను. ఉడుత కనబడగానే మా కుక్క దూకింది, నైలాన్ తాడు నా చూపుడువేలు మీదుగా సర్రున జారింది. కాలిన గాయంలా పొంగి, పది రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. తాడును పొరలు పొరలుగా అరచేతిలో మడిచి పట్టుకోండి, తోలు గ్లోవ్స్ వేసుకుంటే ఇంకా మంచిది.

కుక్కపిల్ల ఇంట్లో చెప్పులు కొరుకుతుంటేనో, సోఫా ఎక్కుతుంటేనో వెంటపడి పట్టుకుంటే దానికి అదొక ఆట అయిపోతుంది. నాలుగడుగుల సన్నని తాడు తగిలించి ఈడ్చుకుంటూ తిరగనిస్తే, వెళ్ళి తాడు చివర పట్టుకుంటే సరిపోతుంది. ఆ చివర ముడిగానీ చేతి ఉచ్చుగానీ ఉండకూడదు, కుర్చీ కాలికి చిక్కుకుంటుంది. మీరు గదిలో లేనప్పుడు తీసేయండి.

రెండు చివరలా కొక్కేలున్న లీష్ మన షాపుల్లో తక్కువగా కనబడుతుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బాగా లాగే కుక్కలకు ఒక కొక్కెం వీపు మీది రింగుకూ ఇంకొకటి ఛాతీ రింగుకూ తగిలిస్తారు. ఛాతీ దగ్గర పట్టు ఉన్నప్పుడు కుక్క ముందుకు లాగితే దాని ఒళ్ళు పక్కకు తిరిగిపోతుంది, బలం చాలదు. పరుగుకు తీసుకెళ్ళేవారు నడుము బెల్టుకు తగిలించే సాగే తాడు వాడతారు. ఆ షువైమిస్ వేటగాడి పద్ధతే! ఒకప్పుడు షుట్జ్‌హుండ్ అని పిలిచిన జర్మన్ పోటీల్లో వాసన బట్టి జాడ పట్టే కుక్కకు 10 మీటర్ల తాడు ఉంటుంది. వెనక ఉన్న మనిషి అడ్డు రాకుండా ముక్కు చెప్పినట్టు అది పోవాలి కదా. అంధులకు దారి చూపే కుక్కకు మెత్తటి తాడుతో పాటు గట్టి పిడి ఉన్న హార్నెస్ వేస్తారు. పిడి పట్టుకుంటే డ్యూటీ, వదిలేస్తే విశ్రాంతి అని ఆ కుక్కకు తెలుసు.

గుడ్డ లీష్ చేతికి మెత్తగా ఉంటుంది, వానాకాలంలో నీళ్ళు పీల్చి ఆరక కంపు కొడుతుంది. తోలు ఏళ్ళ తరబడి మన్నుతుంది, బూజు పట్టకుండా చూసుకోవాలి. పామరేనియన్, షిట్జు లాంటి చిన్న ప్రాణాలకు బరువైన ఇత్తడి కొక్కెం తగిలించకండి, దాని బరువుకే మెడ వంగిపోతుంది. ఏ లీష్ అయినా వారానికోసారి కొక్కెం స్ప్రింగు నొక్కి చూడండి. సాధారణంగా ముందు తెగేది అక్కడ, లేదా చేతి ఉచ్చు కుట్టు దగ్గర.

గొలుసుతో శిక్షణ ఇవ్వలేం. కదిలితే చాలు చప్పుడు, మెడ మీద ఎప్పుడూ బరువు, రెంటచింతల ఎండలో వదిలేస్తే ముట్టుకోలేనంత వేడి. "కట్టేస్తేనే కాపలా కాస్తుంది" అనే పెద్దవాళ్ళకు చెప్పాల్సింది ఒకటుంది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం, ఏ జంతువునైనా మరీ పొట్టిదో మరీ బరువైనదో అయిన గొలుసుతో, తాడుతో గంటల తరబడి అన్యాయంగా కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం చేయించకపోవడమూ నేరమే. మీ ఇంట్లో అలాంటి గొలుసు ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని బరువు చూడండి. రేపు పొద్దున ఆరడుగుల పట్టీ ఒకటి తెచ్చి, కుక్కను వీధి చివరిదాకా నడిపించండి.