ఆర్మూరుకు రైలొచ్చింది, కూలికి అందేదెప్పుడు?

పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు 1993లో పి.వి. నరసింహారావు పునాదిరాయి వేశారు. కరీంనగర్ దాకా 2001లో, జగిత్యాల దాకా 2007లో రైలొచ్చింది. ఆర్మూరు మీదుగా నిజామాబాద్ చేరేసరికి 2017 అయింది. ఇరవై నాలుగేండ్లు! మొదట్లో మట్టితట్ట మోసిన కూలీలకు మనుమలు పుట్టారు.

పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, బస్తాలకెత్తేది కూలిజనం. సాంగ్లీ దాకా లారీ కిరాయి రైతు నెత్తిన పడితే, ఆ భారం చివరికి దిగేది కూలిరేటు మీదనే. 2019 ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లేసి పోటీకి నిలబడ్డారు. 2025 జనవరిలో గానీ పసుపు బోర్డు తెరవలేదు.

పొద్దున పనికి పోను, మాపటికి ఇల్లు చేరను ప్యాసింజరు, చాలినన్ని జనరల్ పెట్టెలు, సీజనులో వ్యాగన్లు – వీటి కోసం ఊరూరా సంతకాలు సేకరించి రైల్వే అధికారులకు మహజరివ్వాలి.