'వైరస్ కనబడలేదు' అంటే పోయినట్టేనా?



ఆమధ్య ఒక అక్క మా ఓ.పి.కి వచ్చారు. అయిదేళ్ళుగా ఏ.ఆర్.టి. మాత్రలు తప్పకుండా వేసుకున్న మనిషి. రిపోర్టులో 'వైరస్ కనబడలేదు' అని రావడంతో జబ్బు పోయిందనుకుని మూడు నెలలుగా మానేశారట. "ప్రార్థన కూడా చేయించుకున్నానమ్మా, ఇంకా మాత్రలెందుకు?" అన్నారు. మళ్ళీ పరీక్ష చేయిస్తే వైరస్ వేలల్లో ఉంది. మేము కోప్పడలేదు. ఆ మాటకు అర్థం మేమే సరిగా చెప్పలేదేమో అనిపించింది. ప్రార్థన మానమని మేము ఎన్నడూ చెప్పము, మాత్ర మానవద్దంటున్నాము.

హెచ్.ఐ.వి. మన ఒంట్లో రోగాలతో పోరాడే సి.డి.4 కణాలలో చేరి, కణం జన్యువులలో తన జన్యువులను అతికిస్తుంది. ఆ కణాలలో కొన్ని విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. వాటితోపాటే వైరస్ కూడా నిద్రపోతుంది. మన శ్రీకూర్మంలో తాబేళ్ళను చూడనివారు లేరు కదా! తలా కాళ్ళూ లోపలికి లాక్కుంటే అది తాబేలో రాయో తెలియదు. ఇదీ అంతే. మాత్రలు వైరస్ కొత్తగా పెరగకుండా ఆపుతాయి గాని, నిద్రపోతున్నదాన్ని ఏమీ చేయలేవు. వైరల్ లోడ్ పరీక్ష కూడా రక్తంలో తిరిగే వైరస్‌నే లెక్కపెడుతుంది, కణాలలో దాగినదాన్ని కాదు. మాత్రలు మానితే చాలామందిలో రెండు మూడు వారాలకే అది లేచి వస్తుంది. మాత్రలతోనే ఈ దాగిన వైరస్ పూర్తిగా తరిగిపోవాలంటే 70 ఏళ్ళకు పైగా పడుతుందని అమెరికా పరిశోధకులు 2003లో లెక్కకట్టారు.

అందుకే శాస్త్రజ్ఞులు వినడానికి విడ్డూరంగా ఉండే దారి పట్టారు. వైరస్‌ను కావాలనే లేపడం! లేస్తే అది దాగిన కణం బయటపడుతుంది, శరీరం దాన్ని చంపుతుంది. మాత్రల కాపలా ఉంటుంది గనుక వేరే కణాలకు అంటుకోదు. ఇదీ వారి ఆశ. 2012లో అమెరికాలో ఎనిమిది మందికి వొరినోస్టాట్ అనే క్యాన్సర్ మందు ఇస్తే వైరస్ నిజంగానే మేలుకుంది. కాని లేవడం వేరు, చావడం వేరు. బ్రిటన్‌లో 60 మందితో చేసిన పరీక్షలో సగం మందికి ఇదే మందును టీకాలతో కలిపి ఇచ్చారు. ఏ.ఆర్.టి. మాత్రమే వాడినవారికంటే వారిలో దాగిన వైరస్ ఏమీ తగ్గలేదని 2020లో తెలిసింది. 2025లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, కోవిడ్ టీకాలలో వాడిన ఎమ్.ఆర్.ఎన్.ఏ. పద్ధతితో నిద్రపోతున్న వైరస్‌ను లేపగలిగారు. అది రోగుల రక్తం నుండి తీసిన కణాలలో, ప్రయోగశాలలో జరిగిన పని.

మన దేశంలో ఎక్కువగా ఉన్నది సి రకం వైరస్. పాశ్చాత్య దేశాలలో ఎక్కువైన బి రకంలో, వైరస్‌ను మేల్కొలిపే మీటల వంటి చోట్లు రెండుంటాయి. సి రకంలో సాధారణంగా మూడు. కొన్నిటిలో నాలుగు ఉన్నాయని బెంగుళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఉదయ్‌కుమార్ రంగా గారి బృందం 2012లో ప్రచురించింది. అక్కడ పనిచేసిన మందు మనవారికీ అలాగే పనిచేస్తుందో లేదో ఇక్కడ కూడా చూడాలని మాకనిపిస్తుంది.

ఆ అక్క మళ్ళీ ఏ.ఆర్.టి. సెంటరుకు వెళ్ళి మాత్రలు మొదలుపెట్టారు. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి ఈ మందులు ఉచితంగా ఇస్తోంది, కాబట్టి ఖర్చు బస్సు చార్జీ మాత్రమే. మీ రిపోర్టులో ఏ మాటైనా అర్థం కాకపోతే మానే ముందు మా దగ్గరకు రండి. పేరు పిలవకుండా లోపలి గదిలోనే మాట్లాడతాము.