గొంతు ఒకరిది, ముఖం ఒకరిది: నిర్మాతగా చిత్తూరు నాగయ్య

సినిమా మొదలు కాగానే తెర మీద ఎన్నో పేర్లు వస్తాయి. నటులు ఏం చేస్తారో, గాయకులు ఏం చేస్తారో, కెమెరా పట్టేవారు ఏం చేస్తారో మీకు తెలుసు. కానీ నిర్మాత ఏం చేస్తాడు? ఈ ప్రశ్నకు చాలామంది విద్యార్థులు చెప్పే జవాబు ఒక్కటే: "డబ్బు పెడతాడు." ఈ జవాబు తప్పు కాదు గాని, సగమే. మిగిలిన సగం తెలుసుకోవడానికి తెలుగు సినిమా తొలి రోజుల్లో నటుడిగా, గాయకుడిగా, సంగీత దర్శకుడిగా, నిర్మాతగా పనిచేసిన చిత్తూరు వి. నాగయ్య జీవితాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

గ్రే బట్ట ఎవరిది?

ముందుగా సూరత్‌లోని పాండేసర నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. అక్కడ నివసించే తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది రోజూ కళ్లెదుట కనబడే విషయమే. మరమగ్గం మీద నేసిన రంగు వేయని బట్టను గ్రే అంటారు. వ్యాపారి ఆ గ్రేను పాండేసరలోని డైయింగ్, ప్రింటింగ్ మిల్లుకు పంపుతాడు. మిల్లు దానికి రంగు వేసి, అచ్చు వేసి తిరిగి ఇస్తుంది. దీన్నే జాబ్‌వర్క్ అంటారు. చేసిన పనికి మీటరుకు ఇంత అని మిల్లు తన కూలి తీసుకుంటుంది. ఆ చీర బజారులో అమ్ముడుపోయినా, పోకపోయినా మిల్లుకు రావలసిన కూలి మారదు. చీర అమ్ముడుపోకపోతే నష్టపోయేది బట్ట యజమాని. ఏ రంగు వేయాలో, ఏ డిజైన్ వేయాలో నిర్ణయించేవాడు కూడా అతడే.

సినిమాలో నిర్మాత స్థానం సరిగ్గా ఇదే. స్టూడియోకు అద్దె, నటులకు పారితోషికం, వాద్యకారులకు కూలి అన్నీ అతడే ఇస్తాడు. చిత్రం ఆడకపోయినా వారికి ఇవ్వవలసింది ఇవ్వాల్సిందే. కాబట్టి నిర్మాత అంటే ఒక నిర్ణయం తీసుకుని, ఆ నిర్ణయం వల్ల వచ్చే నష్టాన్ని తానే మోసేవాడు. ఈ నిర్వచనాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు వెళదాం.

రంగస్థలం నుంచి తెర మీదికి

నాగయ్య 1904 మార్చి 28న గుంటూరు సీమలోని రేపల్లెలో జన్మించారు. చిత్తూరులో నాటకాలు ఆడి పేరు తెచ్చుకోవడం వల్ల ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరులా స్థిరపడింది. ఆ రోజుల్లో మైకు లేని నాటకశాలలో చివరి వరుస దాకా వినబడేటట్లు పద్యం పాడగలిగినవాడే మంచి నటుడు. పాట రానివాడికి ప్రధాన పాత్ర దొరకడం కష్టం.

తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రాన్ని బొంబాయిలో తీశారు. తెలుగు ప్రాంతంలో అప్పటికి స్టూడియోలు లేవు. ఇది మన ఒక్కరి కథ కాదు. పొరుగు దేశమైన శ్రీలంకలో తొలి సింహళ టాకీ 'కడవును పొరొందువ' 1947లో విడుదలైంది. దాని నిర్మాత ఎస్.ఎం. నాయగం. ఆ చిత్రాన్ని మన దేశంలోని మదురైలో తీశారు. భాష ఒకచోట, స్టూడియో మరొకచోట ఉన్నప్పుడు ఆ రెండింటినీ కలిపేవాడు నిర్మాతే. ప్రయాణ ఖర్చు, బస ఖర్చు, ఆలస్యం ఖర్చు కూడా అతడి లెక్కలోకే వస్తాయి.

నాగయ్య 1938లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'గృహలక్ష్మి'తో సినిమాలో ప్రవేశించారు. తరువాత బి.ఎన్. రెడ్డి నాయకత్వంలోని వాహినీ సంస్థ చిత్రాలు 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) ఆయనను తెలుగువారందరికీ దగ్గర చేశాయి. వీటిలో ఆయన నటించడమే కాక సంగీతం కూడా సమకూర్చారు. కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన 'భక్త పోతన' 1943లో వచ్చింది. అందులో పోతన పాత్ర నాగయ్యదే.

పాడుతూ నటించడంలోని కష్టం

ఇప్పుడు సాంకేతిక విషయానికి వద్దాం. తొలి టాకీలలో నటీనటులు కెమెరా ముందు నిజంగానే పాడేవారు. మైకును కెమెరా కంటికి కనబడకుండా పైన వేలాడదీసేవారు. హార్మోనియం, తబలా, ఫిడేలు వాయించేవారు చెట్టు చాటునో, సెట్టు వెనుకనో కూర్చునేవారు. బొమ్మ, ధ్వని ఒకేసారి ఫిల్ము మీదికి ఎక్కేవి.

ఈ పద్ధతిలో ఒక్కరు తప్పు చేస్తే అందరూ మళ్లీ మొదటికి రావాలి. నటి చక్కగా పాడినా తబలా తప్పితే ఆ ఫిల్ము వృథా. పైగా పాడేవారు మైకుకు దూరంగా కదలకూడదు. అందుకే ఆనాటి పాటల దృశ్యాలలో నటులు చాలావరకు ఒకేచోట నిలబడి కనబడతారు.

అప్పుడు రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావాలి. ఓడలలో చోటు యుద్ధ సామగ్రికే చాలదు. అందుచేత ప్రభుత్వం కథాచిత్రాల నిడివిని 11,000 అడుగులకు పరిమితం చేసింది. ఈ సంఖ్యకు అర్థం ఏమిటో మీరే లెక్క కట్టవచ్చు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 11,000ను 90తో భాగిస్తే సుమారు 122 నిమిషాలు. అంటే రెండు గంటలకు కాస్త ఎక్కువ. అలాంటి రోజుల్లో ప్రతి అడుగు ఫిల్మూ విలువైనదే.

'భాగ్యలక్ష్మి'లో చేసిన ప్రయోగం

సరిగ్గా ఆ కాలంలోనే నాగయ్య శ్రీ రేణుకా ఫిల్మ్స్ పేరుతో సొంత సంస్థ పెట్టి నిర్మాత అయ్యారు. ఆ సంస్థ చిత్రం 'భాగ్యలక్ష్మి' 1943లో వచ్చింది. దర్శకుడు పి. పుల్లయ్య, సంగీత దర్శకుడు భీమవరపు నరసింహారావు. అందులో నటి కమలా కోట్నిస్ కు రావు బాలసరస్వతీదేవి పాట పాడారు. నటించినవారు ఒకరు, పాడినవారు మరొకరు. తెలుగు సినిమాలో నేపథ్యగానానికి ఇది నాంది అని సినీ చరిత్రకారులు చెబుతారు. హిందీ, బెంగాలీ చిత్రాలలో ఈ పద్ధతి 1935లోనే న్యూ థియేటర్స్ సంస్థ ద్వారా వచ్చింది.

నేపథ్యగానం ఎలా జరుగుతుంది? ముందుగా గాయని, వాద్యబృందం ధ్వని బాగా పలికే గదిలో పాటను రికార్డు చేస్తారు. తరువాత సెట్టు మీద ఆ పాటను లౌడ్‌స్పీకరులో వినిపిస్తారు. నటి దానికి అనుగుణంగా పెదవులు కదుపుతుంది. అప్పుడు కెమెరా బొమ్మను మాత్రమే పడుతుంది. చివరికి ఎడిటింగు గదిలో బొమ్మను, ధ్వనిని పక్కపక్కన పెట్టి కలుపుతారు.

దీనివల్ల మూడు మార్పులు వచ్చాయి. మొదటిది, పాటలో తప్పు వస్తే పాటనే మళ్లీ తీసుకోవచ్చు, బొమ్మలో తప్పు వస్తే బొమ్మనే తీసుకోవచ్చు. రెండవది, నటులు మైకు నుంచి విడుదలై నడవగలిగారు, నర్తించగలిగారు. మూడవది అన్నిటికంటే పెద్దది. పాట రాకపోయినా నటన వచ్చినవారికి తెర మీద చోటు దొరికింది. తెరకు ముఖం చూపని గొంతుకు ఒక వృత్తి దొరికింది. తరువాతి తరంలో ఘంటసాల, పి. లీల, పి. సుశీల వంటి గాయకులు నిలబడింది ఈ వృత్తి మీదనే.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. నాగయ్య స్వయంగా పాడుతూ నటించి పేరు పొందిన వ్యక్తి. అలాంటివాడు నిర్మాతగా ఉన్న చిత్రమే పాడటాన్ని నటనను విడదీసింది. తనకు ఉన్న విద్య ఇతర నటులకు తప్పనిసరి కానక్కరలేదని ఆ చిత్రం చూపింది.

'త్యాగయ్య': నాలుగు బాధ్యతలు, ఒక్క మనిషి

1946లో వచ్చిన 'త్యాగయ్య' నాగయ్య జీవితంలో శిఖరం. నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, కథానాయకుడు నాలుగూ ఆయనే. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. అంటే శతవర్ధంతికి ఒక్క ఏడు ముందు ఈ చిత్రం వచ్చింది. సభలలో, భజన మందిరాలలో వినబడే కృతులను కథలో భాగంగా టిక్కెట్టు కొన్న సామాన్య ప్రేక్షకుడి ముందుకు తెచ్చారు. చిత్రం ఘన విజయం సాధించింది. మరుసటి ఏడు వాహినీ వారి 'యోగి వేమన'లో నాగయ్య వేమనగా నటించారు.

ఒక్కరే నాలుగు పనులు చేస్తే చిత్రానికి ఒకే మనసు ఉంటుంది. అది లాభం. నష్టం కూడా ఉంది. వేర్వేరు వ్యక్తులైతే దర్శకుడు "ఇంకా పది రోజులు కావాలి" అంటే నిర్మాత "డబ్బు లేదు" అని ఆపుతాడు. ఇద్దరూ ఒక్కరే అయినప్పుడు ఆపేవారు ఉండరు. అప్పు తెచ్చిన డబ్బుతో తీసే చిత్రం ఎంత ఆలస్యమైతే వడ్డీ అంత పెరుగుతుంది. నాగయ్య నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన 'రామదాసు' చాలాకాలం నిర్మాణంలో ఉండి 1964లో విడుదలైంది. అందులో కబీరు పాత్రకు హిందీ గాయకుడు మహమ్మద్ రఫీ చేత పాడించారు. ఇరవై ఏళ్లు గడిచినా, తగిన గొంతు ఎక్కడున్నా వెతికి తెచ్చే నిర్మాత బుద్ధి ఆయనలో తగ్గలేదు.

లెక్క ఎక్కడ తప్పింది?

భారత ప్రభుత్వం 1965లో నాగయ్యను పద్మశ్రీతో గౌరవించింది. ఒకప్పుడు దక్షిణాదిలో అత్యధిక పారితోషికం పొందినవారిలో ఒకరైన ఆయన చివరి రోజుల్లో ఆర్థిక ఇబ్బందులు పడ్డారు. చిన్న చిన్న పాత్రలు వేస్తూ గడిపారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. చేయి చాచినవారికి లేదనకుండా ఇచ్చే గుణం, సొంత చిత్రాల భారం రెండూ ఇందుకు కారణాలని చెబుతారు.

దీన్ని కేవలం జాలికథగా చదవకండి. నటుడికి పారితోషికం పని పూర్తయితే వస్తుంది. నిర్మాతకు ఆదాయం అందరికీ ఇచ్చిన తరువాత మిగిలితేనే వస్తుంది. నాగయ్య మొదటి జేబులో సంపాదించి రెండవ జేబులో పెట్టారు. పాండేసర మిల్లులో కూలి తీసుకునేవాడు ఆ కూలితోనే గ్రే కొని వ్యాపారిగా మారితే ఎలా ఉంటుందో అలాగే. లాభం పెద్దది కావచ్చు, కానీ పడితే పట్టుకునేవారు లేరు.

అయినా ఆ సాహసం వృథా పోలేదు. మీరు ఈరోజు వినే సినిమా పాటలలో చాలావాటిలో గొంతు ఒకరిది, ముఖం మరొకరిది. తెలుగులో ఆ దారి తెరిచిన చిత్రానికి సొంత డబ్బు ఒడ్డినవారు ఒకరున్నారు. నిర్మాత అంటే ఎవరని ఇకమీద ఎవరైనా అడిగితే, డబ్బు పెట్టేవాడు అన్న మాటతో ఆగకండి.

ఆలోచించండి

1. నిడివి పరిమితి 11,000 అడుగులు అయినప్పుడు, మూడేసి నిమిషాల పాటలు పది ఉంటే కథకు ఎన్ని అడుగులు మిగులుతాయి?

2. మీ ప్రాంతంలో ఏ వృత్తిలో కూలి ఒకరికి, నష్టభయం మరొకరికి ఉంటాయి? ఒక ఉదాహరణ రాయండి.

3. నేపథ్యగానం రాకపోయి ఉంటే మీకు ఇష్టమైన నటులలో ఎంతమంది తెర మీదికి వచ్చేవారు? మీ మిత్రులతో చర్చించండి.