పిల్లి కోసం తెచ్చిన పెట్టె

ఫజ్ర్ నమాజు తర్వాత మా ఇంటి వసారాలో వాడలోని పిల్లలు పదిమంది దాకా ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకుంటారు. వారు కూర్చునే జంపఖానా అంచులు గత శీతకాలంలో పీచులు పీచులుగా లేచిపోసాగాయి. చేసింది మా ఇంటి పిల్లి నూరీ. రెండేళ్ల క్రితం వానలో తడిసి మా మెట్ల కింద చేరిన కూన అది. మా శ్రీమతి కసిరి చూశారు, నిమ్మతొక్కలు పరిచి చూశారు. మేము నీళ్లు చిలకరించి చూశాము. మేము కనిపించినప్పుడు మానుకుని, కనుమరుగు కాగానే మళ్లీ మొదలుపెట్టడం తప్ప అది నేర్చుకున్నదేమీ లేదు.

చివరకు మా చిన్నబ్బాయి ఆన్‌లైన్‌లో ఒక పరికరం తెప్పించాడు. అరచేతిలో ఇమిడే తెల్లని ప్లాస్టిక్ పెట్టె. దాని ముందు భాగంలో ఒక చిన్న గాజు కన్ను. ఎదుట కదిలే ఒంటి వేడిని ఆ కన్ను పసిగట్టగానే మనుషుల చెవికి అందని సన్నని ధ్వని వెలువడుతుందట, జంతువు బెదిరి పారిపోతుందట. వెనుక ఒక చక్రం, దానిపై 15,000 నుండి 25,000 వరకు అంకెలు. చక్రం ఏ అంకె వద్ద ఉన్నదో మేము చూడలేదు. జంపఖానా పక్కనున్న గూట్లో పెట్టి బ్యాటరీలు వేశాము. నూరీ వచ్చింది, ఉలిక్కిపడింది, చెవులు వెనక్కి వాల్చి పరుగెత్తింది. నాలుగు రోజులు జంపఖానా జోలికి రాలేదు. మదర్సాలో తోటి ఉపాధ్యాయుల వద్ద కూడా ఈ పెట్టెను మెచ్చుకుని చెప్పాము.

ఐదో రోజున ఎనిమిదేళ్ల అబ్బాయి ఒకడు, మద్‌ల దగ్గర ఎన్నడూ తడబడనివాడు, పాఠంలో పదే పదే ఆగిపోసాగాడు. అతడు గూటికి దగ్గరగా కూర్చుంటాడు. ఒక చేయి రిహల్ మీద, మరో చేయి చెవి మీద. "హజ్రత్, చెవిలో ఏదో గుచ్చుతోంది" అన్నాడు. మేము చెవి ఒగ్గి విన్నాము. ఏమీ లేదు. పాఠం ఎగ్గొట్టడానికి సాకులు వెదకవద్దని అందరి ముందూ గద్దించాము. మర్నాడు అతడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

శుక్రవారం మా ఆరేళ్ల మనవరాలు వచ్చింది. వసారాలో అడుగు పెడుతూనే రెండు చెవులూ మూసుకుని, "దాదా, ఆ పెట్టె అరుస్తోంది" అన్నది.

పాపను గోడ వైపు తిరిగి నిలబడమన్నాము. ఆమె వెనుక మా చిన్నబ్బాయి పెట్టెను పలుమార్లు పలికించి, పలుమార్లు ఆపాడు. పాప ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఇరవై నాలుగేళ్ల మా అబ్బాయికి కూడా, శ్రద్ధగా వింటే, దోమ రొదలాంటిది వినిపించింది. మాకూ మా శ్రీమతికీ నిశ్శబ్దమే. మనిషి చెవి సెకనుకు 20 నుండి సుమారు 20,000 కంపనాల వరకు గ్రహిస్తుంది. అయితే ఆ పైహద్దు లేతవయసు వారిది. ఏళ్లు గడిచేకొద్దీ అది కిందికి దిగుతుంది. యాభై దాటిన చాలామందికి 12,000కు పైబడిన ధ్వని వినబడడమే కష్టం. అప్పుడు చక్రం చూశాము. 15,000 వద్ద ఉన్నది. ఆ గాజు కన్నుకు పిల్లికీ పిల్లవాడికీ తేడా తెలియదు. వెచ్చగా కదిలేది ఏదైనా దానికి ఒక్కటే.

అసర్ నమాజు తర్వాత ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాము. "తప్పు మాదే బేటా, నీవు నిజమే చెప్పావు" అన్నాము. వాళ్లమ్మ "అయ్యో, అంత మాటెందుకు హజ్రత్" అంటూ ఇబ్బంది పడింది. అబ్బాయి మాత్రం కొంచెంసేపు ఆలోచించి, "మరి నూరీకి?" అని అడిగాడు.

పిల్లి చెవి సుమారు 64,000 కంపనాల వరకు వింటుంది. ఎలుకల సన్నని కిచకిచలు పట్టుకోవడానికి దానికి అమర్చిన వినికిడి అది. అంటే ఆ చక్రం మీది ఏ అంకె వద్ద పెట్టినా దానికి బిగ్గరగానే వినబడుతుంది. ఇంటికి వచ్చి వెదికితే నూరీ మేడమీద గదిలో ఉన్నది, పరుపు మూలను చీల్చి పెట్టి. పెట్టె దాని అలవాటును మాన్పలేదు, చోటు మార్చింది, అంతే.

మేము పశువైద్యుని సంప్రదించాము. గోకడం పిల్లికి దురలవాటు కాదన్నారు ఆయన. గోళ్లపై పాతబడిన పొరను రాల్చుకోవడానికి, నిద్ర లేచాక వెన్ను సాగదీయడానికి, పాదాల్లోని గ్రంథుల వాసనతో ఇది నా చోటని తెలుపుకోవడానికి అది గోకుతుందట. ఇక్కడ గోకకు అని బెదిరించే ముందు, ఎక్కడ గోకవచ్చో మీరు చూపించారా అని అడిగారు. మా వద్ద సమాధానం లేదు. మూడడుగుల సరుగుడు గుంజను బరువైన పలకకు బిగించి, దానికి జనపనార తాడు ఒత్తుగా చుట్టి, అది గోకే చోటునే నిలబెట్టమన్నారు. గుంజ ఊగితే పిల్లి మళ్లీ దాని దగ్గరికి రాదట. ఖర్చు పెట్టె ధరలో పావువంతు కూడా కాలేదు. రెండు వారాల్లో నూరీ గుంజకు అలవాటుపడింది.

ఆయన మరో మాట చెప్పారు, పిల్లులున్న ఇళ్లవారు గుర్తుంచుకోదగినది. శుభ్రంగా ఉండే పిల్లి ఉన్నట్టుండి ఇంట్లో ఎక్కడపడితే అక్కడ మూత్రం పోస్తే, అందునా మగపిల్లి పదే పదే ముక్కుతుంటే, అది జబ్బు. మూత్రం పూర్తిగా అడ్డుపడితే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అప్పుడు పట్టుకు వెళ్లవలసినది వైద్యుని దగ్గరికి. ఇక కుక్కల మెడకు కట్టి విద్యుత్ ఘాతం కలిగించే పట్టీలు కూడా అమ్ముతున్నారు. వేల్స్‌లో 2010 నుండి వాటిని కుక్కలకూ పిల్లులకూ వాడడం నేరం.

పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ హదీసు మన ఇళ్లలో అందరికీ తెలుసు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) హదీసు అంతగా వినబడదు. వుజూ కోసం ఉంచిన నీటిని తాగవచ్చిన పిల్లికి ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు కబ్షా విస్మయంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదనీ, అది మీ మధ్య తిరుగాడే వాటిలోనిదనీ దైవప్రవక్త (సల్లం) సెలవిచ్చారని తెలిపారు. నీటి శుద్ధి అధ్యాయంలో ప్రతి ఏడూ మేము బోధించే హదీసే ఇది. ఆ పెట్టె గూట్లో ఉన్న రోజుల్లో కూడా బోధించాము.

అబ్బాయి సోమవారం నుండి మళ్లీ వస్తున్నాడు. గూటికి దగ్గరగా, తన పాత చోటులోనే కూర్చుంటాడు. జంపఖానా అంచుకు మా శ్రీమతి కొత్త గుడ్డ వేసి కుట్టారు. ఒక మూలను నూరీ ఇప్పటికీ అప్పుడప్పుడు గోకుతుంది. ఆ మూలను లోపలికి మడిచి పరుస్తున్నాము.